వేలిముద్ర మనిషి

నవంబర్ 21, మంగళవారం

ఎవరో నా పేరు వాడుకున్నారు. ఇది ముందే రాసి పెట్టుకోవాలి, తరువాత నేనే మరిచిపోకుండా.

పొద్దున అంగన్‌వాడీ వనజమ్మ వచ్చింది. మా వీధికి ఓటర్ల లిస్టు చూసేది ఆమే. చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడింది. ఇదేదో మంచి మాట కాదని అప్పుడే అనుకున్నాను.

"అక్కా, మీ పేరు మీద తొమ్మిది ఫారాలు వచ్చిండాయి. ఎనక సందులో తొమ్మిది మంది ఇండ్లు మారినారు, పేర్లు తీసేయండని. ఒకే మనిషి అయిదు దాటి పెడితే ఆఫీసులో పెద్ద మేడమే సొంతంగా విచారించాలని రూలుండాది మాకు. మీకు గూడా నోటీసు వస్తాది."

"నేనేం పెట్టలేదు."

"సంతకం మీదే అక్కా."

"సంతకం ఎవురైనా గీస్తారు. నన్నెందుకు అడుగుతాండావు?"

ఆమె నా ముఖాన్ని ఒక నిమిషం చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. రంజాన్ నెలలో ఈమె ఆ సందులో ప్రతి ఇంట్లోనూ కూర్చుని తిన్నది నేను చూశాను. ఎవరి తరఫున మాట్లాడుతుందో నాకు తెలియదా? కాఫీ తాగమంటే వద్దని పోయింది. ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో కాఫీ వద్దన్నది ఈ రోజే.

తొమ్మిది మందిలో పర్వీన్ పేరు కూడా ఉందట. మిగతా ఎనిమిది మంది మా పెరటి గోడకు అవతల ఉంటారు. పర్వీన్ గోడకు ఇవతలే, మా కాంపౌండులోనే, వెనక గదిలో.


నవంబర్ 22

హర్షను అడగలేదు. కన్న కొడుకును అనుమానిస్తే రేపటి నుంచి అన్నం ఎట్లా వడ్డిస్తాను? వాడు పార్టీ పని మీద తిరుగుతున్నాడు, తిరగనీ. మా పోలింగ్ బూత్ బాధ్యత వాడికే ఇచ్చారట. దానికీ దీనికీ ఏం సంబంధం?


నవంబర్ 24, శుక్రవారం

కోడలు సుప్రియ నా వేలి మీద ఇంకు చూసింది. "ఏందత్తా, నీలంగా ఉండాది?" అని అడిగింది. పాప పెన్నుతో ఆడుతుంటే లాక్కున్నాను అన్నాను. నమ్మినట్టు తల ఊపింది. ఆ పిల్ల తల ఊపితే నమ్మలేదని అర్థం. ఇకమీదట ఈ డైరీ బట్టల కింద పెట్టకూడదు.

ఈ ఇంట్లో నాకు సంతకం వచ్చని తెలుసు, చదువు వచ్చని తెలియదు. పులివెందుల హైస్కూల్లో పదో తరగతి పాసయ్యాను నేను. తెలుగులో క్లాసు మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. ప్రొద్దుటూరు కోడలినై వచ్చిన వారానికే మా అత్త నా చేతిలోని పేపరు లాగేసింది. ఆమె తోటికోడలు ఎవరో అర్జీ రాసి భూమి పంచుకుపోయిందట. "ఆడది కాగితం పట్టుకుంటే ఇల్లు కోర్టుకెక్కుతాది" అనేది. సరే, వదిలేశాను. వదిలేసినట్టు నటించాను. అత్త పోయింది, మామ పోయాడు, మా ఆయనా పోయాడు. ఇప్పుడు కొత్తగా నాకు చదువు వచ్చని బయటపెడితే, ఇన్నేళ్ళు ఏమేం చదివిందో ఈమె అని ఒక్కొక్కరూ గుర్తు చేసుకుని భయపడతారు. ఎందుకొచ్చిన గొడవ!

తెలిసింది ఒక్క పర్వీన్‌కే.

ఆమె జమ్మలమడుగు పిల్ల. పెళ్ళయి మా ముందు గదిలో అద్దెకు దిగిన మూడో నెలకే మొగుడు షాహుల్ కువైట్ పోయాడు. అతనికి తెలుగు రాయడమే వచ్చు. ఈమెకు ఖురాను చదవడమే వచ్చు. ఇక ఉత్తరం ఎట్లా? ఒక మధ్యాహ్నం మా అత్త నిద్రపోయాక కవరు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. నాకు చదువు వచ్చని ఆమెకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. గోడకు అంటించిన పాత పేపరు నేను నిలబడి చదువుతుంటే పెదవులు కదలడం చూసిందట. అంత గమనించే మనిషి.

ఫోన్లు వచ్చేదాకా తొమ్మిదేళ్ళు చదివాను. జవాబులూ నేనే రాశాను. షాహుల్ ముద్దుగా రాసిన చోట ఇద్దరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం. ఒకసారి అతను పనిలో కింద పడి చెయ్యి విరిగిందని రాశాడు. అప్పుడు పర్వీన్‌కు ఎనిమిదో నెల. ఆ నాలుగు లైన్లూ దాటేసి, బాగున్నాను, బిర్యానీ తింటున్నాను అని చదివాను. కాన్పయిన పదిరోజులకు అడిగింది.

"ఆ పొద్దు ఏం దాటేసినావక్కా?"

"నేనేం దాటేయలేదు."

"నువ్వు దాటేసేటప్పుడు గొంతు సవరించుకుంటావు. నాకు తెల్దా?"


నవంబర్ 27, సోమవారం

మధ్యాహ్నం పర్వీన్ వచ్చింది. అప్పట్లో ఉత్తరాలు తెచ్చినట్టే కొంగు కింద కాగితం పెట్టుకుని, సుప్రియ పడుకుందో లేదో తొంగి చూసి మరీ కూర్చుంది.

"నిర్మలక్కా, రవ్వంత ఇది చదువు. వనజమ్మ ఇచ్చిపోయింది. ఏందో నోటీసంట."

పైన షేక్ పర్వీన్, భర్త షాహుల్. దాని కింద, సదరు వ్యక్తి పై చిరునామా నుండి శాశ్వతంగా నివాసం మార్చుకున్నందున పేరు తొలగించవలసిందిగా అభ్యంతరం అందినది అని. ఆ కింద అభ్యంతరం తెలిపిన వారి పేరు. నా పేరే. ఇంటిపేరుతో సహా టైపులో ఉంది.

ఆ పేరు దాకా గట్టిగానే చదివాను. ఎవరో నువ్వు ఇల్లు మారావని రాసిచ్చారు, డిసెంబర్ పన్నెండున ఆఫీసుకు పోయి ఇక్కడే ఉన్నానని చెప్పాలి, ఆధార్ కార్డు, కరెంటు బిల్లు పట్టుకుపో అని చెప్పాను.

"ఎవురు రాసిచ్చినారక్కా?"

"పేరు సరిగ్గా పడలేదు. ఇంకు అలుక్కపోయింది."

"అట్లనా."

కాగితాన్ని తీసుకుని నాలుగు మడతలు వేసింది. "నేను యాడికి పోయినానక్కా? మా అమ్మకు బాగలేకపోతే జమ్మలమడుగులో రెండు నెలలుండి వచ్చినా. అంతే గదా. దానికే ఊరు ఇడిసిపోయినట్లా?"

"ఎవురో గిట్టనోళ్ళులే."

"ఈడ నాకు గిట్టనోళ్ళు ఎవురుండారక్కా?"

ఆ మాట నన్ను చూస్తూ అడిగిందా, గోడను చూస్తూ అడిగిందా? గోడనే అనుకుంటాను.

పోయే ముందు మా తులసికోట దగ్గర ఆరేసిన ఒడియాల మీద గుడ్డ జారిపోతే సరిచేసి పోయింది.


నవంబర్ 28

నిన్న మధ్యాహ్నం ఆమె కొడుకు మొయిన్ ఇంట్లోనే ఉన్నాడు. వాడి బండి వాకిట్లో ఉంది. పాలిటెక్నిక్ చదివినవాడు, ఫోన్లు విప్పి బాగుచేసేవాడు. వాడికి తెలుగు రాదా? పక్క గదిలో చదువుకున్న కొడుకును పెట్టుకుని నా దగ్గరికి ఎందుకు తెచ్చింది?

పరీక్ష పెట్టింది. అంతే. ముప్పై ఏళ్ళ స్నేహానికి పరీక్ష పెట్టే మనిషిని ఏమనాలి? పైకి ఎంత మెత్తగా ఉంటుందో, అమ్మో, లోపల అంత గడుసుది.

నేను గొంతు సవరించుకోలేదు. నాకు బాగా గుర్తుంది.


నవంబర్ 28, మళ్ళీ

సవరించుకున్నాను.


నవంబర్ 30, గురువారం

ఇప్పుడిప్పుడే గుర్తుకు వస్తోంది. దీపావళికి ముందు రోజు హర్ష ఏవో కాగితాలు తెచ్చాడు. "మా, ఈడొక సంతకం పెట్టు" అంటే పెట్టాను. కొడుకు పెట్టమంటే తల్లి పెట్టదా? కుళాయి దరఖాస్తులు అనుకున్నాను. తొమ్మిది కుళాయిలు ఎందుకని అడగలేదు. వంటింట్లో నూనె కాగుతోంది, కళ్ళజోడు కూడా లేదు.

కాబట్టి నేను పెట్టలేదన్న మాట అబద్ధం కాదు. చదవకుండా పెట్టిన సంతకం సంతకమే కాదు.


డిసెంబర్ 1, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తే తప్పేం లేదు. ఇది ఎవరూ చదివేది కాదు కదా.

మూడేళ్ళ కిందట షాహుల్ చనిపోయాక, ముందు గదిని షాపు చేస్తామని చెప్పి పర్వీన్‌ను వెనక గదికి మార్చాము. ఆమే సామాను మోసుకుంది, ఒక్క మాట అనలేదు. మొన్న ఆగస్టులో ఆ షాపు ఖాళీ అయింది. మొయిన్ వచ్చి, "పెద్దమ్మా, నేను ఫోన్ల షాపు పెట్టుకుంటా, మీరు ఎంతంటే అంత ఇస్తా" అన్నాడు. నాకు సంతోషమే. రాత్రి అన్నం తినేటప్పుడు హర్షతో చెప్పాను. వాడు తల కూడా ఎత్తలేదు.

"మన షాపు వాళ్ళకు వద్దు మా."

"ఎవురికి వద్దు? మొయిన్ గాడేరా!"

"మొయిన్ గాడైనా వాళ్ళే గదా. ఒకడికిస్తే సందంతా ఈడికొస్తాది. మనోళ్ళకే ఇస్తాండాం, అడ్వాన్సు గూడా తీసుకున్నా."

మనోళ్ళెవరో మొయిన్ కంటే తక్కువ అద్దెకు దిగారు. మొయిన్‌కు ఏం చెప్పాలి? ఎవరో ఎక్కువ ఇస్తామన్నారు నాయనా అని చెప్పాను. అంతకంటే మర్యాదైన అబద్ధం నాకు దొరకలేదు. దానికి పర్వీన్ ఏం చేసిందో తెలుసా? సందులో కుట్టుపని సాజియాతో అందట, "నిర్మలక్క గూడా దుడ్లకు ఆశపడింది" అని. ఆ మాట మూడు ఇళ్ళు తిరిగి నా చెవిన పడింది. నేను దుడ్లకు ఆశపడతానా? పర్వీన్ నోటి నుంచా ఆ మాట?

ఇంకో సంగతి. ఇల్లు మారింది అన్నది అబద్ధం ఎట్లా అవుతుంది? ముందు గదిలో నుంచి వెనక గదికి మారిందా లేదా? మారింది. ఇల్లు మారింది అనే కదా ఆ కాగితంలో ఉన్నది. మాట ప్రకారం చూస్తే అది నిజమే.


డిసెంబర్ 2

కళ్ళజోడు ఉంది.


డిసెంబర్ 4, సోమవారం

నాకూ నోటీసు వచ్చింది. చేతిలో కాగితం పట్టుకుని నిలబడి హర్ష కోసం ఎదురు చూశాను, నాకు చదివి వినిపించడానికి. ఏం బతుకు!

వాడు సోఫాలో కూర్చుని చదివాడు. "ఏం లేదు మా. పన్నెండో తేదీ పోయి, అవును, వాళ్ళు లేరు అని చెప్పి వస్తే చాలు." కాగితం మడవబోయాడు. నేను వాడి భుజం మీదుగా చివరి పేరా అప్పటికే చదివేశాను. తప్పని తెలిసీ ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వాడు ఆ పేరా దగ్గర ఆగలేదు. నా కడుపున పుట్టినవాడే, దాటేయడం వాడికీ వచ్చు. గొంతు మాత్రం సవరించుకోలేదు.

"ఇంకేం లేదా రా అందులో?"

"ఏం లేదు మా. నువ్వు గమ్మునుండు, నేను చూసుకుంటా."

వాడికి ఆ లైను కనపడలేదేమో. తొందరలో ఉన్నాడు. తొందరలో ఉన్నాడనే అనుకుంటున్నాను.


డిసెంబర్ 6, బుధవారం

పెరటి తలుపు తీసుకుని వెనక సందులోకి పోయాను. కరివేపాకు కోసమని చెప్పి. ఎనిమిది ఇళ్ళలో ఐదింటికి తాళం. పొద్దున పనికి పోతే చీకటి పడితేగాని రారు. మనుషులు చేతికి చిక్కకపోతే వనజమ్మ నోటీసులు తలుపులకు అంటించిందని విన్నాను. ఏ తలుపు మీదా కాగితం లేదు. జిగురు మరక మాత్రం ఉంది.

గాలికి ఎగిరిపోయి ఉండొచ్చు. ఐదింటివీ ఎగిరిపోయి ఉండొచ్చు.

ముసలామె సైదున్నీసా తలుపు దగ్గర కాగితం చించిన మూల ఒక్కటి మిగిలింది. ఆమె తాళం వేసి కూతురింటికి పోయింది. ఆమె వస్తుంది, ఎన్నికల రోజు తెల్ల చీర కట్టుకుని అందరికంటే ముందు లైనులో నిలబడుతుంది, పేరు లేదంటారు. ఆమెకు ఇదంతా ఎవరు చేశారో కూడా తెలియదు. తెలియకపోవడమే మంచిది.

వస్తుంటే పర్వీన్ కిటికీలో కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. కరివేపాకు కోయకుండానే వచ్చానని గమనించే ఉంటుంది.


డిసెంబర్ 8, శుక్రవారం

లింగాల నుంచి మా అన్న ఆదినారాయణ వచ్చాడు. హర్ష పిలిపించాడు. చీనీకాయలు ఒక సంచెడు తెచ్చాడు. మా అన్న ఏదైనా తెచ్చాడంటే ఏదో అడగబోతున్నాడని లెక్క.

సంగతేమిటంటే మొయిన్ ఎవరో వకీలును కలిశాడట. ఇల్లు మారలేదని తెలిసీ రాసిచ్చారని, నా మీద కేసు పెట్టవచ్చని ఆ వకీలు చెప్పాడట. హర్ష ముఖంలో నెత్తురు లేదు. జైలు లైను వాడికి ఇప్పుడు కనపడినట్టుంది.

అన్న కాళ్ళు చాపుకుని దారి చెప్పాడు. "పర్వీన్‌ది ఒకటి ఎనక్కి తీసుకుందాం. నాకు చదువు రాదు, తెలీక పొరపాటున పెట్టినా అని చెప్పు. చదువు రాని ఆడమనిషిని ఎవురూ ఏం చేయరు. ఆమె పేరు ఆమెకు ఉంటాది. మిగతా ఎనిమిదీ గమ్మున ఇడిసిపెట్టు. వాళ్ళు రారు. రాకపోతే వాటంతటవే పోతాయి."

హర్ష బయటికి పోయాక నేను నెమ్మదిగా అడిగాను. "అన్నా, నాకు చదువు రాదా?"

"ఏంది?"

"ఇద్దరం ఒకే బడికి పోయినాం. నీ పరీక్షకు వ్యాసాలు రాసిచ్చింది నేనే గదా."

అన్న నవ్వాడు. "అదంతా ఎవురికి గుర్తుండాది మే ఇప్పుడు? ప్రొద్దుటూర్లో నీకు చదువు వచ్చని చెప్పేవాళ్ళు ఎవురు?"

ఒకరు ఉన్నారు. ఆమే పన్నెండున ఆఫీసులో నా ఎదురుగా నిలబడేది. ఆమె నోరు తెరిచి "ఈమె తొమ్మిదేళ్ళు నా ఉత్తరాలు చదివింది" అంటే చాలు, నా పని అయిపోయింది. ఎందుకు అనదు? నేనైతే అంటాను. నా పేరు తీసేయమన్న మనిషిని నేను వదలను.

అన్నకు చెప్పలేదు. ఆలోచిస్తాను అన్నాను. మంచి దారే. పర్వీన్ పేరు నిలుస్తుంది, నేను బయటపడతాను, హర్ష బయటపడతాడు. మిగతా ఎనిమిది మంది నాకేమవుతారు?


డిసెంబర్ 10

పర్వీన్ కనపడితే తల దించుకుంది. తల దించుకోవాల్సింది ఆమె కాదు కదా! అంటే ఏదో మనసులో పెట్టుకుంది. పన్నెండో తేదీ కోసం దాచుకుంటోంది.


డిసెంబర్ 11, సోమవారం

రేపు పోవాలి. అందుకే ఇప్పుడు రాస్తాను.

దీపావళికి ముందు రోజు వంటింట్లో నూనె కాగడం లేదు. నేను హాల్లో కూర్చుని ఉన్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. హర్ష తొమ్మిది కాగితాలు బల్ల మీద పెట్టి ఫోను మాట్లాడుతూ వరండాలోకి పోయాడు. చదవాల్సినంత సమయం ఉంది. తొమ్మిదీ చదివాను. మొదటి ఎనిమిది చదువుతున్నప్పుడు, వీళ్ళంతా ఉన్నారు కదా అనుకున్నాను. ఉన్నా మనకేం, వాడికేదో అవసరం అనుకున్నాను. తొమ్మిదోది పర్వీన్‌ది. అప్పుడు చెయ్యి ఆగింది. ఆగి, దుడ్లకు ఆశపడింది అన్న మాట గుర్తుకు వచ్చింది. మిగతా వాటి కంటే దాని మీద సంతకం బాగా కుదిరింది.

అంతే. ఇంకేం లేదు.


డిసెంబర్ 12, మంగళవారం

ఆఫీసు వరండాలో ఒకటే బెంచీ ఉంది. పర్వీన్ ఒక చివర, నేను ఒక చివర. మధ్యలో కూర్చున్న మొయిన్ నన్ను చూసి లేచి గోడకు ఆనుకున్నాడు. "పెద్దమ్మా" అనలేదు. హర్ష నా చెవి దగ్గర మూడుసార్లు చెప్పాడు, "చదువు రాదు, అంతే. ఇంకేం మాట్లాడొద్దు మా."

పిలిచారు. మేడం చిన్న వయసు మనిషి. కోస్తా మాట. తొమ్మిది కాగితాలు పేకముక్కల్లాగా ముందు పరుచుకుని ఉంది.

"తొమ్మిది ఫారాలు, ఒకటే సందు, తొమ్మిదీ ముస్లిం పేర్లు. ఎలా కుదిరిందండీ?" అని హర్షను అడిగింది. వాడు ఫోను తీసి చూసుకున్నాడు. "ఒకళ్ళ పేరు తీయమన్నప్పుడు రుజువు మీరు చూపించాలి. వాళ్ళు కాదు. సరే, ముందు వచ్చినావిడది చూద్దాం. మిగతా వాళ్ళెవరూ రాలేదు." నా వైపు తిరిగింది. "ఈ సంతకం మీదేనా అండీ?"

"నాదే."

"ఇందులో ఏం రాసుందో తెలుసా?"

హర్ష అందుకున్నాడు. "మా అమ్మకు చదువు రాదు మేడం. సంతకం మాత్రం నేర్చుకుంది. ఇది పొరపాటున జరిగింది."

మేడం వాడిని చూసింది, నన్ను చూసింది, తరువాత పర్వీన్‌ను అడిగింది. "మీరు ముప్పై ఏళ్ళుగా వీళ్ళింట్లోనే ఉంటున్నానన్నారు కదా. ఈవిడకి చదువు వచ్చా?"

అయిపోయింది అనుకున్నాను. పర్వీన్ కొంగు సరిచేసుకుంది. నన్ను చూసింది. గోడను కాదు, నన్నే.

"రాదు మేడం. ఏలిముద్ర మనిషి. సంతకం గూడా ముగ్గు ఏసినట్ల ఏస్తాది. పాపం, తెలీక పెట్టింటాది."

ఊపిరి పీల్చుకోవాలి కదా నేను? పీల్చుకోలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం! ఏలిముద్ర మనిషా? నేనా? తొమ్మిదేళ్ళు నీ మొగుడి గొంతు నీకు వినిపించింది ఎవరే? పాపమా? నా మీద నువ్వు జాలిపడేదా? మా అత్త పేపరు లాగేసినప్పుడు రాని కోపం, మా అన్న నవ్వినప్పుడు రాని కోపం, ఈమె దయ చూపించేసరికి వచ్చింది.

బల్ల మీది కాగితం లాక్కున్నాను. చదివాను. ఒక్క అక్షరం తడబడలేదు. సదరు వ్యక్తి పై చిరునామా నుండి శాశ్వతంగా నివాసం మార్చుకున్నందున. కింద చిన్న అక్షరాలు కూడా చదివాను, ఏడాది జైలుతో సహా. చదివి, "ఇది అబద్ధం మేడం. ఈమె యాడికీ పోలేదు. మా ఇంట్లోనే ఉండాది. నాకు తెలుసు, తెలిసే పెట్టినా" అన్నాను.

"మా!" అని అరిచాడు హర్ష.

"నువ్వు గమ్మునుండు. తక్కినవి ఇయ్యి మేడం."

మేడం ఎనిమిదీ నా ముందుకు తోసింది.

"సైదున్నీసా. లేదని ఉండాది ఇందులో. ఉండాది మేడం. కూతురింటికి పోయింది, శుక్రవారం వస్తాది. అన్సర్. ఉండాడు. ఇప్పుడు పోయినా షెడ్డులో లారీ కింద పడుకుని రిపేరు చేస్తా కనపడతాడు. సాజియా. ఉండాది. నా కోడలి జాకెట్లు రెండు ఆమె దగ్గరే ఉండాయి. హఫీజ్. ఉండాడు. మొన్న మా పెరటి గోడ కూలితే కట్టింది ఆయప్పే..."

చివరిది కూడా చదివి బల్ల మీద పెట్టాను. నాకు వాళ్ళు ఏమీ కారని రాసుకున్నాను కదా మొన్న. ఎవరు ఎక్కడున్నారో ఎనిమిది మందిదీ నాకు తెలుసు.

మేడం చాలాసేపు రాసుకుంది. తొమ్మిది అభ్యంతరాలూ కొట్టేస్తున్నాను, తొమ్మిది పేర్లూ లిస్టులో ఉంటాయి అని చెప్పింది. "మీ మీద ఏం చర్య అనేది పైకి రాస్తాను. మీకు అర్థమవుతోందా అండీ?" అంది. చదివే కదా సంతకం పెట్టాను, అర్థమవుతుంది అన్నాను. ఆమె రాసిన దాని కింద మళ్ళీ సంతకం పెట్టించుకున్నారు. హర్ష అప్పటికే బయటికి పోయి కారు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర పర్వీన్ చెప్పులు వేసుకుంటోంది. మొయిన్ బండి తేవడానికి పోయాడు. నేను దగ్గరికి పోయాను. నిజం చెబితే, ఆమె నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. అంత పని చేశాను కదా అనుకున్నాను.

"ఎందుకు మే అట్ల చెప్పినావు? చదువు రాదని? నన్ను కాపాడాలనా?" అని అడిగాను.

"నిన్నా?" అంది. గొంతు పెంచలేదు. "నీ పేరు ఆ కాగితంలో ఉండాదని మొయిన్ మొదటి పొద్దే చదివి చెప్పినాడక్కా. అయినా నీ దగ్గరికే తెచ్చినా. నువ్వే చెప్తావనుకుని. చెప్పలేదు. సరే, చూడకుండా పెట్టింటాది, కొడుకు పెట్టమన్నాడు, పెట్టింది అని మనసుకు చెప్పుకుంటా ఉండా ఇన్ని దినాలు. ఈ పొద్దు మేడం అడిగితే గూడా అదే చెప్పినా. నీ కోసం గాదు. నలుగురిలో ఒకసారి గట్టిగా చెప్తే నేనే నమ్ముతానేమోనని చెప్పినా. అది గూడా లేకుండా చేసినావు గదక్కా."

మొయిన్ బండి తెచ్చాడు. ఆమె ఎక్కి కూర్చుంది.

ఇంటికి పోయి రాసుకుంటే ఆమెకు జవాబు దొరుకుతుందని నడుచుకుంటూ వచ్చాను. గంట నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సుప్రియ వాకిట్లో నిలబడి చూస్తోంది, చూడనీ.